యాస ఉంటే ఉండనీ.. అర్థమైతే చాలు!

ఇంటర్వ్యూలో మన తెలుగు యాస నిజంగా అడ్డమా? అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వాళ్లంతా ఒకే ఇంగ్లిష్ మాట్లాడతారా? మనం దేన్ని సరిదిద్దుకోవాలి, దేన్ని వదిలేయొచ్చు? ఉద్యోగ వేటలో ఉన్న విద్యార్థుల కోసం ఈ కథనం.

సూళ్లూరుపేట బస్టాండులో ఓ పావుగంట నిలబడితే చాలు, తెలుగు ఎన్ని రకాలో తెలిసిపోతుంది. ఊరివాళ్లు ‘యాడికి పోతుండావు?’ అంటారు. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ‘ఎక్కడికెళ్తున్నారండీ?’ అంటారు. హైదరాబాద్ నుంచి దిగిన కుర్రాడు ‘ఎటు పోతున్నవ్?’ అంటాడు. అందరూ అడుగుతున్నది ఒక్కటే, అందరికీ అర్థమవుతోంది. వీళ్లలో ఎవరికో తెలుగు రాదని ఎవరూ అనరు.

అదే ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. ‘అన్నా, నా ఇంగ్లిష్‌లో తెలుగు యాస పోవాలంటే ఏం చెయ్యాలి?’ అని జూనియర్లు అడుగుతూనే ఉంటారు. ప్రోగ్రామింగ్ బాగా వచ్చినవాళ్లు, మంచి ప్రాజెక్టులు చేసినవాళ్లు కూడా గ్రూప్ డిస్కషన్‌లో నోరు విప్పరు. కారణం అడిగితే ‘మన యాస విని నవ్వుతారేమో’ అంటారు. ఆ మౌనం వల్ల పోయే మార్కులు యాస వల్ల పోయేవాటి కంటే చాలా ఎక్కువ. అందుకే యాస అంటే ఏంటో, తప్పు అంటే ఏంటో ముందు విడివిడిగా చూద్దాం.

అసలు ‘కరెక్ట్’ ఇంగ్లిష్ ఎవరిది?

ఒకే ఒక్క సరైన యాస ఉంటే నేర్చుకోవడం తేలికే. కానీ అలాంటిది లేదు. ‘బీబీసీ ఇంగ్లిష్’ అని మనం పిలుచుకునే ఉచ్చారణను బ్రిటన్‌లోనే కొద్దిమంది మాట్లాడతారు. లివర్‌పూల్ యాస వేరు, న్యూకాజిల్ యాస వేరు, గ్లాస్గో వెళ్తే ఇంకా వేరు.

‘ర’ శబ్దాన్నే తీసుకోండి. దక్షిణ ఇంగ్లండ్‌లో ‘కార్’ అనే మాట చివర ‘ర్’ వినపడదు, దాదాపు ‘కా’ అంటారు. అమెరికా, స్కాట్లండ్, ఐర్లండ్ వాళ్లలో ఎక్కువమంది ఆ ‘ర్’ను స్పష్టంగా పలుకుతారు. ‘వాటర్’ అమెరికన్ నోట ‘వాడర్’ అవుతుంది. లండన్ వీధుల్లో చాలామంది మధ్యలోని ‘ట’ను మింగేస్తారు. ఆస్ట్రేలియన్ ‘టుడే’ అంటే మనకు ‘టుడై’లా వినిపిస్తుంది. న్యూజిలాండ్ వాళ్లు ‘పెన్’ అడిగితే ‘పిన్’ అడిగారేమో అనిపిస్తుంది. ‘షెడ్యూల్’ అని బ్రిటన్‌లో ఎక్కువగా అంటే, అమెరికాలో ‘స్కెడ్యూల్’ అంటారు.

మాటలు కూడా మారతాయి. ఉత్తర కోస్తాలో ఆనపకాయ అన్నది మన దగ్గర సొరకాయ అయినట్టే, బ్రిటన్‌లో లిఫ్ట్ అమెరికాలో ఎలివేటర్ అవుతుంది. ఇంతవరకూ సరదాగానే ఉంటుంది, కొన్ని తేడాలు మాత్రం పనిని చెడగొట్టగలవు. మచ్చుకు నాలుగు:

తేదీ: 07/04 అని రాస్తే మనకూ బ్రిటన్‌కూ అది ఏప్రిల్ 7. అమెరికన్‌కు జులై 4. మెయిల్‌లో నెల పేరు అక్షరాల్లో రాయడమే క్షేమం.

అంతస్తు: మనకూ బ్రిటన్‌కూ గ్రౌండ్ ఫ్లోర్ పైన ఉండేది ఫస్ట్ ఫ్లోర్. అమెరికాలో చాలాచోట్ల నేల అంతస్తే ఫస్ట్ ఫ్లోర్.

సమయం: బ్రిటన్ క్లయింట్ ‘హాఫ్ టెన్’ అంటే పదిన్నర.

మీటింగ్: ఒక విషయాన్ని ‘టేబుల్’ చేద్దాం అని బ్రిటన్‌లో అంటే చర్చకు పెడదామని. అమెరికాలో అంటే ప్రస్తుతానికి పక్కన పెడదామని. అర్థం పూర్తిగా తిరగబడింది!

ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్లకే ఒకరి మాట ఒకరు అడిగి తెలుసుకోవాల్సిన అవసరం వస్తుంటే, మనం అడిగితే తప్పేముంది?

ఊరి పక్కనే ప్రపంచం

ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో, 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్న సూళ్లూరుపేటకు ఈ విషయం మరీ దగ్గరిది. తడ దాటి పక్కకు తిరిగితే శ్రీసిటీ. 2008లో మొదలైన ఈ పారిశ్రామిక నగరంలో జపాన్ వాళ్ల ఇసుజు, డైకిన్ ఉన్నాయి. అమెరికా మూలాలున్న కోల్గేట్, మాండెలెజ్ ఉన్నాయి. కొరియాకు చెందిన ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ 2025లో ఇక్కడ ప్లాంటుకు శంకుస్థాపన చేసింది. ఫ్రాన్స్‌కు చెందిన ఆల్‌స్టామ్ ఇక్కడ తయారు చేసిన మెట్రో రైళ్లు ఆస్ట్రేలియాలోని సిడ్నీలో తిరుగుతున్నాయి.

అంటే ఇక్కడ ఉద్యోగం దొరికిన కుర్రాడికి ఎదురయ్యే ఇంగ్లిష్‌లో ఎక్కువ భాగం లండన్‌దో న్యూయార్క్‌దో కాకపోవచ్చు. జపాన్ ఇంజినీర్ ‘థాంక్యూ’ అంటే అది ‘సాంక్యూ’లా వినిపించొచ్చు. వాళ్ల భాషలో ‘ల’, ‘ర’లకు మనకున్నట్టు విడివిడి శబ్దాలు లేవు, అందుకని ‘లైట్’, ‘రైట్’ ఒకేలా అనిపిస్తాయి. కొరియన్ భాషలో ‘ఫ’ శబ్దం లేదు కాబట్టి ‘ఫైల్’ కాస్తా ‘పైల్’ అవుతుంది. ఒక తమాషా ఏంటంటే, బస్ చివర అచ్చు చేర్చి మనం ‘బస్సు’ అన్నట్టే జపాన్ వాళ్లు ‘బసు’ అంటారు. పదాన్ని అచ్చుతో ముగించే అలవాటు రెండు భాషలకూ ఉంది మరి.

ఆ జపాన్ ఇంజినీర్ తన యాసకు సిగ్గుపడి ఊరుకోడు. డ్రాయింగ్ చూపిస్తాడు, అంకె రాసి చూపిస్తాడు, అర్థమైందా అని అడుగుతాడు. పని నడుస్తుంది. నాలుగైదు దేశాల ఇంగ్లిష్‌లు విని అర్థం చేసుకోగలగడం కూడా ఒక నైపుణ్యమే. దాన్ని రెజ్యూమెలో ఎవరూ రాయరు కానీ, షాప్‌ఫ్లోర్‌లో అది లేనివాళ్లు ఇబ్బంది పడతారు.

హైదరాబాద్‌లో ఎప్పుడో తేల్చిన సంగతి

మన ఇంగ్లిష్ బయటివాళ్లకు ఎక్కడ అర్థం కావడం లేదన్న ప్రశ్న కొత్తదేమీ కాదు. 1958లో హైదరాబాద్‌లో ఇంగ్లిష్ బోధన కోసం ఒక కేంద్ర సంస్థ పెట్టారు. అదే తర్వాత సీఫెల్‌గా, 2007లో ఇఫ్లూ విశ్వవిద్యాలయంగా మారింది. అక్కడ పనిచేసిన ప్రొఫెసర్ ఆర్.కె.బన్సల్ భారతీయ ఇంగ్లిష్ ఇతరులకు ఎంతవరకు అర్థమవుతోందో పరిశోధించి 1969లో పుస్తకం తెచ్చారు. అర్థం కాకపోవడానికి ఆయన గుర్తించిన ముఖ్య కారణాల్లో ఒకటి, పదంలో నొక్కాల్సిన చోట నొక్కకపోవడం.

ఇది మనకు ఎందుకు కష్టమంటే, తెలుగులో ప్రతి అక్షరానికీ దాదాపు సమానమైన బరువు ఇస్తాం. ఇంగ్లిష్‌లో ఒక అక్షరాన్ని గట్టిగా నొక్కి, మిగతావాటిని తేలిగ్గా వదిలేస్తారు. వినేవాళ్లు ఆ నొక్కును పట్టుకునే పదాన్ని గుర్తిస్తారు. నొక్కు తప్పు చోట పడితే ప్రతి శబ్దం సరిగ్గా పలికినా పదం తగలదు.

కాబట్టి మీ శ్రమంతా అమెరికన్‌లా ‘ర్’ తిప్పడం మీద పెట్టకండి. ఈ ఐదింటి మీద పెట్టండి.

1. నొక్కు: మీ రెజ్యూమెలో ఉన్న మాటలతోనే మొదలెట్టండి. ‘డెవలప్’లో మధ్య అక్షరం ‘వె’ మీద నొక్కాలి. ‘సర్టిఫికెట్’లో ‘టి’ మీద. ‘ఇంజినీర్’లో చివరి ‘నీర్’ మీద. ‘మేనేజర్’లో మొదటి అక్షరం మీద. ‘ప్రాజెక్ట్’ నామవాచకమైతే మొదట, క్రియ అయితే చివర. ‘రికార్డ్’ కూడా అంతే. ఫొటోగ్రాఫ్‌లో మొదటి అక్షరం మీదున్న నొక్కు ఫొటోగ్రఫీకి వచ్చేసరికి రెండో అక్షరానికి జరుగుతుంది. కొత్త పదం ఎదురైతే డిక్షనరీ యాప్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి వినండి.

2. అంకెలు: ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ ఫోన్‌లో ఒకేలా వినపడితే జీతం మాటే తారుమారవుతుంది. ఫిఫ్టీన్‌లో చివరి భాగాన్ని నొక్కి సాగదీయాలి. ఫిఫ్టీలో మొదటి భాగాన్ని నొక్కి, రెండోది చప్పున ముగించాలి. అనుమానం ఉంటే ‘వన్ ఫైవ్’, ‘ఫైవ్ జీరో’ అని విడదీసి చెప్పండి.

3. పదం చివర: ‘వర్కు’, ‘టెస్టు’ అని ‘ఉ’ చేర్చే అలవాటు మనది. తెలుగు వాక్యంలో అది అందంగానే ఉంటుంది. ఇంగ్లిష్ వాక్యంలో హల్లు దగ్గర ఆపండి. అలాగే పదం చివరి ‘డ్’, ‘స్’లను మింగేయొద్దు. ‘వర్క్’, ‘వర్క్‌డ్’ మధ్య తేడా మీరు ఆ పని చేస్తున్నారా, చేశారా అన్నది చెబుతుంది.

4. మొదటి గాలి: పదం మొదట్లో వచ్చే క, ట, పలను ఇంగ్లిష్ వాళ్లు గాలి వదులుతూ, కొంచెం మన ఖ, ఠలకు దగ్గరగా పలుకుతారు. గాలి లేకపోతే ‘కోట్’ వాళ్లకు ‘గోట్’లా వినపడొచ్చు. నోటి ముందు పలచటి కాగితం పెట్టుకుని ‘పిన్’ అనండి. కాగితం కదిలితే సరిపోయినట్టే.

5. అక్షరాలు: ఎం, ఎన్, ఎస్‌లను మనలో చాలామంది యమ్, యన్, యస్ అంటాం. ఈమెయిల్ చిరునామా చెప్పేటప్పుడు ఇది తంటా. ‘ఎం ఫర్ మైక్, ఎన్ ఫర్ నవంబర్’ అని చెబితే గొడవే ఉండదు. ‘జెడ్’ను అమెరికన్లు ‘జీ’ అంటారు కాబట్టి ‘జులూ’ అని కలపండి. వీ, డబ్ల్యూ రెండూ మన ‘వ’లో కలిసిపోతాయి. డబ్ల్యూకు పెదాలు గుండ్రంగా చుట్టాలి, వీకి పై పళ్లు కింది పెదవికి తాకాలి.

ఆకాశంలోనూ యాసలే

యాస ప్రాణాల మీదికి వచ్చే చోట ఏ నియమం పెట్టుకున్నారో చూస్తే మన భయం చాలావరకు పోతుంది. 1996 నవంబరు 12న హరియాణాలోని చర్ఖీ దాద్రీ దగ్గర సౌదీ, కజకిస్థాన్ విమానాలు గాల్లో ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ విమాన సిబ్బందికి ఇంగ్లిష్ సరిగా రాకపోవడం కూడా దర్యాప్తులో ఒక కారణంగా ముందుకొచ్చింది. ఇలాంటి ప్రమాదాల తర్వాత అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పైలట్లకు, కంట్రోలర్లకు ఇంగ్లిష్ ప్రమాణాలు తెచ్చింది. 2008 నుంచి అవి అమల్లోకి వచ్చాయి.

అందులో ఆరు స్థాయిలుంటాయి. కనీసం నాలుగో స్థాయి రావాలి. ఉచ్చారణపై మాతృభాష, ప్రాంతీయ యాసల ప్రభావం ఉండొచ్చని, అది అర్థం కావడానికి ఎప్పుడో ఒకప్పుడు తప్ప అడ్డు రాకూడదని ఆ స్థాయి నిబంధన చెబుతుంది. అన్నిటికంటే పైదైన ఆరో స్థాయిలో కూడా యాస ఉండొచ్చు, అర్థం కావడానికి మాత్రం దాదాపు ఎప్పుడూ అడ్డు రాకూడదు. వందలమంది ప్రాణాలున్న పనికే ‘యాస వదిలెయ్’ అనే షరతు లేదన్నమాట.

ఐఈఎల్‌టీఎస్ తీరూ ఇదే. స్పీకింగ్‌లో నాలుగు అంశాలకు సమానంగా మార్కులుంటాయి. అందులో ఉచ్చారణ ఒకటి. అక్కడ చూసేది ఎదుటివాళ్లకు శ్రమ లేకుండా అర్థమవుతోందా అన్నదే. లిజనింగ్ పరీక్షలో మాత్రం బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఉత్తర అమెరికా యాసలు వినిపిస్తారు. అంటే ఒకే యాస సినిమాలు చూసి సిద్ధమైతే సరిపోదు.

మన మాటలు, వాళ్ల అర్థాలు

యాస కంటే ఎక్కువ గందరగోళం తెచ్చేవి మనం రోజూ వాడే మాటలే. సూళ్లూరుపేట నుంచి చెన్నై లోకల్ ఎక్కి కాలేజీకి వెళ్లేవాళ్లకు ఇది ముందే తెలుసు. ఇక్కడి కాలేజీల్లో ఫెయిలైన సబ్జెక్టు ‘బ్యాక్‌లాగ్’. సరిహద్దు దాటి తమిళనాడు కాలేజీలోకి వెళ్తే అదే ‘అరియర్’. విదేశీ ఇంటర్వ్యూయర్‌కు రెండూ తెలియవు. బ్యాక్‌లాగ్ అంటే వాళ్ల లెక్కలో పేరుకుపోయిన పని, అరియర్స్ అంటే కట్టాల్సిన బాకీ.

‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2024’ అంటే అమెరికన్‌కు మీరు 2024లో స్పృహ తప్పి పడిపోయారని అర్థం. ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మీకు నమ్మకం కుదరడం లేదేమో అనుకుంటారు. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అంటే సరిపోతుంది. ‘ఫ్రెషర్’ అంటే బ్రిటన్‌లో యూనివర్సిటీలో అప్పుడే చేరిన మొదటి ఏడాది విద్యార్థి. లక్షలు, కోట్లు అంటే బయటివాళ్లకు అందవు, మిలియన్లలో చెప్పాలి.

ఇవేవీ తప్పు ఇంగ్లిష్ కావు. ‘ప్రీపోన్’ లాంటి మన మాట ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోకి కూడా ఎక్కింది. బెంగళూరు ఆఫీసులో హాయిగా వాడుకోండి. ఎదుట కూర్చున్నది ఎవరో చూసి మాట మార్చడమే తెలివి. నెల్లూరు వాళ్లం హైదరాబాద్ వెళ్తే ‘యాడికి’ని ‘ఎక్కడికి’గా మార్చుకోమా? ఇదీ అంతే.

మెషిన్ వింటే?

ఇప్పుడు కొన్ని కంపెనీల మొదటి రౌండ్‌లో మీ మాట వినేది మనిషి కాదు, సాఫ్ట్‌వేర్. దానికీ పక్షపాతం ఉంటుంది. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఐదు పెద్ద కంపెనీల స్పీచ్ రికగ్నిషన్ సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లజాతి అమెరికన్ల మాటల్లో సగటున 100కు 19 పదాలు తప్పుగా రాసిన ఆ సాఫ్ట్‌వేర్లు, నల్లజాతి అమెరికన్ల మాటల్లో 35 తప్పుగా రాశాయి. అందరూ ఇంగ్లిష్‌లో పుట్టి పెరిగినవాళ్లే. తేడా యాసది, ఆ యాసను మెషిన్‌కు సరిగా నేర్పనివాళ్లది. ఇంకోవైపు కాల్ సెంటర్ ఉద్యోగి మాట్లాడుతుండగానే యాసను మార్చి వినిపించే ఏఐ సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చేశాయి.

ఇదే టెక్నాలజీని ఫ్రీ ట్యూషన్‌లా వాడుకోవచ్చు. ఫోన్ కీబోర్డులో వాయిస్ టైపింగ్ తెరిచి, భాషను మొదట ‘ఇంగ్లిష్ - ఇండియా’గా పెట్టండి. మీ సెల్ఫ్ ఇంట్రడక్షన్ రెండు నిమిషాలు చెప్పండి. తర్వాత ‘ఇంగ్లిష్ - యూఎస్’కు మార్చి అదే చెప్పండి. రెండింట్లోనూ తప్పు పడిన పదాలు పేపర్ మీద రాసుకోండి. ముందు సాధన చేయాల్సినవి అవే. రెండోదాంట్లో మాత్రమే తప్పు పడినవి ఉంటే, అమెరికా కంపెనీ ఇంటర్వ్యూ ముందు చూసుకోండి.

ఇంటర్వ్యూలో ఏం చేయాలి?

యాస విని మనిషిని తక్కువగా అంచనా వేసే ఇంటర్వ్యూయర్లు ఉన్నారు. లేరని చెప్పడం మిమ్మల్ని మోసం చేయడమే. వాళ్లను మనం మార్చలేం కానీ, వాళ్లకు సాకు దొరక్కుండా చేయగలం.

మొదటిది, వేగం తగ్గించండి. కంగారులో మనం తెలుగు వేగంతో ఇంగ్లిష్ మాట్లాడతాం. ఒక భావం అయ్యాక ఒక క్షణం ఆగితే యాస ఎంతున్నా సగం ఇబ్బంది పోతుంది.

రెండోది, ప్రశ్న అర్థం కాకపోతే ఊహించి జవాబు చెప్పొద్దు. ‘కుడ్ యూ ప్లీజ్ రిపీట్ ద క్వశ్చన్?’ అని ఒకసారి అడగొచ్చు. రెండోసారీ అందకపోతే మీకు అర్థమైనంత వరకు చెప్పి, ‘ఈజ్ దట్ వాట్ యూ మీన్?’ అని సరిచూసుకోండి. ఇది బలహీనత కింద లెక్కకు రాదు. క్లయింట్ మాటను సరిచూసుకునే ఉద్యోగినే కంపెనీ కోరుకుంటుంది.

మూడోది, అరువు యాస వద్దు. నెల రోజుల్లో తెచ్చిపెట్టుకున్న అమెరికన్ యాస మొదటి రెండు వాక్యాలు నిలుస్తుంది. టెక్నికల్ ప్రశ్న పడగానే జారిపోతుంది. అప్పుడు జవాబు వెతుక్కోవాలా, యాస వెతుక్కోవాలా?

నాలుగోది, చెవికి మేత పెట్టండి. రోజుకు ఇరవై నిమిషాలు. ఒకరోజు ఆస్ట్రేలియా క్రికెట్ కామెంటరీ, ఒకరోజు స్కాట్లండ్ వార్తలు, ఒకరోజు జపాన్ ఇంజినీర్ ఇచ్చిన టెక్ ప్రసంగం. మొదట సబ్‌టైటిల్స్ లేకుండా, తర్వాత వాటితో. నెల తిరిగేసరికి ‘వాళ్ల ఇంగ్లిష్ అర్థం కావట్లేదు’ అన్న భయం చాలావరకు తగ్గుతుంది.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఊరి తూర్పు వైపు చూడండి. పులికాట్ సరస్సు మీదుగా వెళ్లే రోడ్డు చివర శ్రీహరికోట ఉంది. 1971లో అక్కడి నుంచి తొలి రాకెట్ ఎగిరింది. ఆ కేంద్రానికి పేరిచ్చిన సతీశ్ ధావన్ శ్రీనగర్‌లో పుట్టారు. ఇస్రోకు నాయకత్వం వహించినవాళ్లలో యు.ఆర్.రావుది ఉడిపి ప్రాంతం, కె.శివన్‌ది కన్యాకుమారి జిల్లా, ఎస్.సోమనాథ్‌ది కేరళ. 2023 జులై 14న చంద్రయాన్-3 బయల్దేరిన రోజు టీవీలో విన్న మిషన్ కంట్రోల్ గొంతులు గుర్తు తెచ్చుకోండి. ఆ ఇంగ్లిష్‌లో తమిళం, మలయాళం, కన్నడం, తెలుగు అన్నీ వినిపిస్తాయి. అంకె స్పష్టంగా ఉంది, ఆదేశం స్పష్టంగా ఉంది. రాకెట్ చంద్రుడి దారి పట్టింది. మీ ఇంటర్వ్యూకూ ఆ స్పష్టత చాలు.